ఆరో ఆకు

ఖైరున్నీసాది తొమ్మిదేళ్లుగా ఒకటే గోల. వాళ్లమ్మకు కుట్టి ఇస్తానన్న జరీ శాలువా పూర్తి కాదు.

అంచు చుట్టూ తీగ, తీగకు నలభై ఆకులు. ఐదు కుట్టి అటక మీద పడేసింది. రెండేళ్లకోసారి గుర్తొస్తుంది, దింపి మగ్గానికి బిగిస్తుంది. పాత ఆకుల్ని చూసి "ఛీ, ఇవి నేను కుట్టినవేనా!" అంటుంది. ఈలోగా చేతికి పనితనం వచ్చింది కదా మరి! కత్తెర తీసి అన్నీ విప్పేస్తుంది. మళ్లీ ఐదు కుట్టేసరికి పెళ్లి జాకెట్ల పని వచ్చి మీద పడుతుంది. శాలువా అటకెక్కుతుంది. ఆదోనిలో మా కార్ఖానాలో ఆమె పక్క మగ్గం నాదే. చూసి చూసి నాకే విసుగెత్తింది.

ఈసారి మాత్రం ఏడుస్తూ దింపింది. వాళ్లమ్మకు రెండు కళ్లూ మసకబారుతున్నాయి. బక్రీదు దాటితే మనుషుల్ని గుర్తుపట్టడం కూడా కష్టమేనని డాక్టరు చెప్పేశాడు. "చూపుండగా ఒక్కసారి కప్పుకుని చూసుకుంటానే" అందట ఆవిడ.

ఇక కుడుతుంది అనుకున్నాను. అబ్బే! బిగించీ బిగించగానే చెయ్యి కత్తెర మీదికి పోయింది.

"అమ్మా తల్లీ, నీకు దండం పెడతా, ఆపు!" అని అరిచాను.

"ఈ వంకర ఆకులు అమ్మకు ఎట్లా చూపించేది అన్నా? సిగ్గుగా ఉంది నాకు."

మా ఉస్తాదు దస్తగీర్ సాహెబు గోడకు ఆనుకుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు. జరీ పనిలో మా అందరికీ గురువు. చేతులకు వణుకు వచ్చాక, ఆరేళ్లుగా నలుగురిలో సూది పట్టలేదు. టీ కూడా అటు తిరిగి తాగుతాడు.

"మీరైనా చెప్పండి ఉస్తాద్, విప్పాలా వద్దా?" అని అడిగింది ఖైరున్నీసా.

ఆయన లేచి వచ్చి "జరుగు" అన్నాడు. మగ్గం ముందు కూర్చుని సూది తీసుకున్నాడు.

దారం ఎక్కించడానికే చాలాసేపు పట్టింది. ఆరో ఆకు మొదలుపెట్టాడు. సూది గీత మీద దిగదు. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. సాయం చేయబోతే ఆమెను కసిరాడు. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు ఆకు పూర్తయింది. ఆకా అది! మేక నమిలి వదిలేసినట్టుంది.

చెమట తుడుచుకుని కత్తెర ఆమె చేతికిచ్చాడు.

"విప్పు."

ఉస్తాదు వేసిన కుట్టు విప్పడమా! మా దగ్గర ఎవరూ ఎన్నడూ అలాంటి పని చేయలేదు. ఆమె కత్తెర కింద పెట్టేసింది.

"నా వల్ల కాదు ఉస్తాద్."

"అయితే ఇక ఈ శాలువాలో అన్నిటికన్నా వంకర ఆకు నాదే. నీకెందుకు సిగ్గు? ఏడోది కుట్టు."