పిడికెడు బియ్యం వ్యాజ్యం

ఒకానొక రాజ్యంలో చండభానుడనే రాజు ఉండేవాడు. ఆ రాజ్యం పేరు చెబితే అది మా తాతలదేనంటూ నలుగురు కొట్లాటకు వస్తారు, కనుక పేరు వద్దు. రాజుగారికి బిరుదులు బారెడు, బుద్ధి బెత్తెడు. పొద్దున్నే వందిమాగధులు ఆ బిరుదులన్నీ చదివి ముగించేసరికి స్నానానికి కాచిన నీళ్లు చల్లారిపోయేవి.

ఆయన పుట్టి బుద్ధెరిగి చేసిన మంచిపని ఒక్కటే. అదీ భయంతో చేశాడు. ఒక ఏడు విషజ్వరాలు వచ్చి ఊళ్లకు ఊళ్లు మంచం పట్టాయి. జనం వచ్చి కోట గుమ్మం ముందు కూర్చున్నారు, ఎంత బెదిరించినా కదలలేదు. అప్పుడు రాజు ఒక శాసనం వేయించాడు. పొయ్యి వెలిగే ప్రతి ఇంటివాళ్లూ రోజూ పిడికెడు బియ్యం తీసిపెట్టాలి. గాదెలున్న కామందులు పంటకు గాదెకో గంప ధాన్యం ఇవ్వాలి. ఆ గింజలతో పేటకో వైద్యశాల నడుస్తుంది. జబ్బు పడ్డవాడు ఎవడైనా సరే, వట్టి చేతులతో వెళ్లి మందు తెచ్చుకోవచ్చు.

వైద్యశాలలు లేచాయి. జనం రాజును దేవుడన్నారు. రాజుకి ఆ మాట వెంటనే నిజమేననిపించింది.

గాదెలున్నవాళ్లకు మాత్రం గంప గంపకూ కడుపుమంట. వాళ్లలో పెద్దకామందు వల్లభరాయుడు. మనిషి గుండ్రాయిలా ఉంటాడు. "ఇంతవరకూ నేను వైద్యుడి గడప తొక్కలేదు. ఊళ్లో వాళ్ల దగ్గులకు నా ధాన్యం ఎందుకు?" అంటూ ధర్మసభలో వ్యాజ్యం వేశాడు. శాసనాన్ని కొట్టేయాలని కోరాడు.

ఆ సంగతి తెలిసి రాజు ఆస్థానంలోని హాస్యగాడు కొమ్మనను ఏకాంతంగా పిలిపించాడు.

"కొమ్మనా, రాజ్యం తరఫున ధర్మసభలో నువ్వే నిలబడాలి."

"నేనా ప్రభూ? ధర్మశాస్త్ర పండితులు అంతమంది తిని కూర్చున్నారు కదా!"

"వాళ్లు నిలబడితే గెలుస్తారేమోనని భయం."

కొమ్మనకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. రాజు తన తెలివికి తానే మురిసిపోతూ ముందుకు వంగాడు.

"విను. శాసనాన్ని నేనే రద్దు చేస్తే జనం దుమ్మెత్తిపోస్తారు. ఎవరినీ నిలబెట్టకపోతే గాలికి వదిలేశాడంటారు. అదే మనం నిలబడి, ధర్మసభ కొట్టేసిందనుకో, తప్పంతా వాళ్లది. నేను జనం ముందు రెండు కన్నీటి బొట్లు రాలుస్తాను. వల్లభరాయుడు సంతోషించి దసరా ఊరేగింపుకి తన ఏనుగుల్ని పంపుతాడు. పామూ చావదు, కర్రా విరగదు. ఎలా ఉంది వ్యూహం?"

"దివ్యంగా ఉంది ప్రభూ. ఇందులో పాము ఎవరో ఒక్కటే తెలియలేదు."

"నోరు ముయ్యి! ఆ నోటి సంగతే చెబుతున్నాను. సభలో నువ్వు ఎదురు వాదించకూడదు. వాళ్లేమన్నా ఔననాలి. ఒక్క ఎదురుమాట వచ్చిందా, నాలుక కోయిస్తాను."

"చిత్తం ప్రభూ. ఎదురు వాదించను. నా మాట నమ్మండి" అని కొమ్మన దణ్ణం పెట్టి బయటికి వచ్చాడు.

గుమ్మం దాటాక అతనికి అసహ్యం వేసింది. ఏనుగు మీద ఎక్కి చెయ్యి ఊపుకోవడానికి ఊరి ప్రాణాలు అమ్మేస్తున్నాడు వీడు! నేరుగా సాలెపేటకు నడిచాడు. అక్కడ అతని మేనత్త ఎర్రమ్మ ఉండేది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఆవిడ పాదం మీద పుండు ఎన్నాళ్లనుంచో మానలేదు. ముదిరితే కాలు తీసేయాల్సి వస్తుందని వైద్యుడు చెప్పాడు. పేట వైద్యశాలలో రోజూ కడిగి, లేపనం రాసి, కట్టు కడుతుంటే ఇప్పుడిప్పుడే కొత్త చర్మం వస్తోంది.

"ఏరా, మొహం అలా వేలాడేశావు?" అంది ఎర్రమ్మ.

కొమ్మన దాచకుండా చెప్పాడు.

"అయితే వైద్యశాల మూసేస్తారా? నా కాలు?"

"నువ్వు నా ఇంటికి వచ్చెయ్ అత్తా. ఎవరో ఒక వైద్యుణ్ణి నేనే పిలిపిస్తాను."

"నేను వస్తాను సరే. ఈ పేటంతా వస్తుందా నీ ఇంటికి? పక్కింటి పిల్లకి నెలలు నిండాయి. దాన్ని కూడా తీసుకుపోతావా?"

కొమ్మనకు ఉక్రోషం ముంచుకొచ్చింది. ఆ ఉక్రోషంలో, "నాకేం జబ్బా, చావా? ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ..." అన్నాడో లేదో, ఎర్రమ్మ అతని నోటి మీద టపీమని కొట్టింది.

"సన్నాసీ! సందెవేళ అవేం మాటలురా! తథాస్తు దేవతలు తిరిగే వేళ. మనం ఏదంటే అదే అవుగాక అనేసి పోతారు. కదలకు, ఉప్పు దిగదుడుస్తాను."

ఆవిడ కుంటుతూ వెళ్లి గుప్పెడు ఉప్పు తెచ్చి అతని చుట్టూ తిప్పింది. కొమ్మనకు వల్లభరాయుడు గుర్తొచ్చాడు. గుండ్రాయిలాంటి ఆ మనిషి దండకు నాలుగు తాయెత్తులు, మొలకు ఇంకో రెండు ఉంటాయి. కొమ్మన నవ్వి, అత్త కాళ్లకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఎందుకు నవ్వాడో ఆవిడకు తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ధర్మసభ మొదలైంది. ఆ సభలో ఒక పాత ఆచారం ఉంది. ఎవరి తరఫున ఎంత గొప్ప పండితుడు వాదించినా, తీర్పుకు ముందు వాది తన మాటను తన నోటితోనే, వెలిగే కర్పూరం ముందు నిలబడి చెప్పాలి. అలా చెప్పలేనివాడి వ్యాజ్యం చెల్లదు.

ధర్మాధికారి ముసలివాడు, ముక్కుసూటి మనిషి. రాజు ఎత్తైన పీఠం మీద కూర్చుని అప్పుడే విచారం నటిస్తున్నాడు. వల్లభరాయుడి తరఫున తర్కపంచాననుడనే పండితుడు లేచాడు. ఆయన శాలువా ముందు సభలోకి వచ్చింది, తర్వాత ఆయన వచ్చాడు.

"ఆరోగ్యవంతుడైన మా రాయుడిగారు రోగుల కోసం ధాన్యం ఇవ్వడమా! దాహం లేనివాడు బావి తవ్వించాలా?" అన్నాడు పండితుడు.

"ఔను, అన్యాయమే" అన్నాడు కొమ్మన.

సభ గతుక్కుమంది. సాలెపేట నుంచి వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అమ్ముడుపోయాడ్రా వీడు" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ మాట కొమ్మన చెవిన పడింది, మనసు చివుక్కుమంది. అయినా తల తిప్పలేదు.

పండితుడు ఒక శ్లోకం చదివాడు.

"ఆహా! అయ్యా, తమవంటివారు మళ్లీ మళ్లీ దొరుకుతారా? దానికి తాత్పర్యం కూడా సెలవిస్తే నాలాంటి మూఢులు తరిస్తారు" అన్నాడు కొమ్మన.

పండితుడికి పట్టలేనంత సంతోషం కలిగింది. తాత్పర్యం చెప్పాడు. తాత్పర్యానికి వ్యాఖ్యానం, వ్యాఖ్యానానికి దృష్టాంతం, దృష్టాంతానికి ఇంకో శ్లోకం. కొమ్మన ప్రతిదానికీ చేతులు జోడిస్తూనే ఉన్నాడు. రాజు ఆవులించాడు. ధర్మాధికారి రెండుసార్లు కునికాడు. కిటికీలోంచి ఎండ జరిగి జరిగి గోడెక్కింది.

"ఒక్క సందేహం" అన్నాడు కొమ్మన వినయంగా. "ఒకవేళ, ఒకవేళే సుమండీ, రాయుడిగారి ఇంట జబ్బు వస్తేనో?"

"రాదు!" అని గర్జించాడు పండితుడు. "వచ్చినా అది కర్మఫలం. అనుభవిస్తారు గానీ మందు ముట్టరు. అంతటి ధీరులు వారు!"

వల్లభరాయుడు మీసం సవరించుకున్నాడు. అప్పటికి చీకటి పడుతోంది. సేవకులు దీపాలు వెలిగించారు.

కొమ్మన లేచి నిలబడ్డాడు. "ధర్మప్రభువులు చిత్తగించాలి. నేను ఎదురు వాదించేదేమీ లేదు. పండితులవారు చెప్పిందంతా నిజమే. ఇక ఆచారం ఒక్కటే మిగిలింది. వారన్న ఆ చివరి మాటలనే రాయుడిగారు కర్పూరం ముందు చెప్పేస్తే మేమంతా ఇళ్లకు పోతాం."

"సబబే" అని ధర్మాధికారి కర్పూరం వెలిగించాడు. "రండి రాయుడిగారూ. నాకు గానీ, నా ఇంట ఎవరికి గానీ జబ్బు రాదు, వచ్చినా మందు ముట్టం. అంతే, చెప్పండి."

వల్లభరాయుడు ఠీవిగా ముందుకు వచ్చాడు. "నాకు గానీ..." అన్నాడు. బయట చూస్తే సందె చీకటి. ఎదురుగా నిప్పు. అతని చెయ్యి దానంతటదే దండకున్న తాయెత్తుల మీదికి పోయింది. "నాకు గానీ, నా ఇంట..."

ఆడవాళ్లు కూర్చున్న తెర వెనకనుంచి కేక వినిపించింది. అది వల్లభరాయుడి తల్లి గొంతు.

"ఒరేయ్ వల్లభా! నోరు ముయ్యి! దీపాలవేళ నిప్పు ముందు నిలబడి ఆ మాటంటావా? తథాస్తు దేవతలు విన్నారంటే? పెళ్లాం కడుపుతో ఉందిరా! గంప కాదు, గాదె పోతే పోనీ! ఇటొచ్చెయ్!"

వల్లభరాయుడు కర్పూరానికి ఒక అడుగు వెనక్కి జరిగాడు. "కొంచెం మార్చి చెప్పవచ్చా?" అన్నాడు.

"ఎలా మారుస్తారు? జబ్బు వస్తుందంటారా?" అని అడిగాడు ధర్మాధికారి.

"అయ్యయ్యో, అదీ అనను!"

"వస్తే వైద్యుణ్ణి పిలుస్తారా, పిలవరా?"

"పిలవకుండా ఎలా ఉంటామండీ!"

సభ గొల్లుమంది. దసరా ఏనుగులు కళ్లముందే వెళ్లిపోతున్నట్టనిపించి రాజు లేచి నిలబడ్డాడు. "ఆగండి! వాది తరఫున పండితులవారే ఆ ప్రమాణం చేయవచ్చు కదా?"

తర్కపంచాననుడు ఉత్తరీయం సర్దుకున్నాడు. "నాకు సంధ్యావందనం వేళైంది ప్రభూ" అని, జవాబు కోసం ఆగకుండా గుమ్మం దాటాడు.

"పోనీ, అంత నమ్మకమున్న వారెవరైనా ముందుకు రావచ్చేమో" అన్నాడు కొమ్మన, రాజుగారి వైపే చూస్తూ. "కర్పూరం ఇంకా వెలుగుతూనే ఉంది."

రాజు నెమ్మదిగా కూర్చున్నాడు.

ధర్మాధికారి తీర్పు చెప్పాడు. "రేపు తనకు మందు అక్కర్లేదని ఈ సభలో ఒక్కరూ అనలేకపోయారు. అక్కర ఉన్నవాళ్లంతా ఇవ్వాల్సిందే. శాసనం నిలుస్తుంది."

సాలెపేటవాళ్లు ఒకళ్లనొకళ్లు కౌగిలించుకున్నారు. అమ్ముడుపోయాడన్నవాడు వచ్చి కొమ్మన చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

ఏకాంతమందిరంలో రాజు మాత్రం చిందులు తొక్కాడు. "ద్రోహీ! నిన్ను ఓడిపొమ్మన్నాను కదరా!"

"తమరు ఎదురు వాదించవద్దన్నారు ప్రభూ. నేను ఔనన్నానే గానీ ఒక్కసారైనా కాదన్నానా? వాళ్లు గెలవలేకపోతే నేనేం చేయను?"

రాజు తలారిని పిలవబోయాడు. అంతలో కోట బయట కేకలు మిన్నంటాయి. "చండభాను మహారాజుకీ జై! శాసనం నిలబెట్టిన దేవుడికీ జై!"

రాజు ఆగాడు. చెవి ఒగ్గాడు. మొహంలో కోపం పోయింది, పెదవి కదిలింది, ఆ తర్వాత పొట్ట కదిలింది. విరగబడి నవ్వసాగాడు.

"చూశావా కొమ్మనా! ఇదంతా నా వ్యూహమే!"

"తమరిది కాకపోతే ఇంకెవరిది ప్రభూ?"

రాజు ఆ ఊపులో భుజం మీది పట్టుశాలువా తీసి కొమ్మనకు కప్పి, మేడ మీదికి వెళ్లి జనానికి చెయ్యి ఊపాడు. దసరాకు మాత్రం ఏనుగులు రాలేదు. రాజుగారు పల్లకీలోనే ఊరేగారు. పల్లకీ కర్ర ఆయన బరువుకి దారి పొడవునా కిర్రుమందని చెప్పుకుంటారు.

కొమ్మన ఆ శాలువా తీసుకెళ్లి మేనత్త ఒళ్లో పెట్టాడు. ఎర్రమ్మ దాన్ని వేళ్లతో నలిపి చూసింది. తర్వాత అంచు పట్టుకుని చర్రున చింపి, పుండు మీద లేపనం రాసుకుని, చుట్టూ కట్టు కట్టుకుంది.

"మెత్తగానే ఉందిరా. ఇన్నేళ్లకు రాజు ఒంటి మీది గుడ్డ ఒకరికి పనికొచ్చింది" అంది.