దేవుడి సొత్తు

కరువు కోసం ఊరంతా దాచుకున్న ధాన్యాన్ని వర్తక సంఘం పెద్ద రత్నయ్య పైదేశాలకు అమ్మి మేడ కట్టాడు. ఆ ఏడు వానలు పడలేదు. జనం ఆకలితో రాలిపోయారు.

రాజు నిండు సభలో రత్నయ్యను నిలదీశాడు.

"వానలు లేకపోవడం దేవుడి పని ప్రభూ, నా తప్పేముంది?" అన్నాడు రత్నయ్య.

బుట్టలల్లే నాంచారి లేచింది. "నిజమే దొరా. మరి నిరుడు వానలు కురిపించి ఆ ధాన్యం పండించిందీ దేవుడే. నష్టం ఆయనదైతే లాభమూ ఆయనదే. ఈయన మేడా, ఈయన సొంత గాదెలూ దేవుడివే. ఆకలిగొన్నవాళ్లకు పెట్టించండి."

"లాభం నా తెలివిది!" అని అరిచాడు రత్నయ్య.

"అయితే నష్టమూ నీ తెలివిదే," అన్నాడు రాజు.

సాయంత్రానికి మేడ ముంగిట గంజి కాచారు.

"ఇంట్లో ఎందరమ్మా?" అని అడిగాడు వంటవాడు.

నాంచారి అలవాటుగా తెచ్చిన నాలుగు గిన్నెల్లో మూడు పక్కన పెట్టింది.

"ఒక్కదాన్నే నాయనా," అంది.