వినోదవనంలో భోజనపు బిళ్ల

బాటసారులకు గంజి పోసిన సూరాంబకు కోడలు, మండుటెండల్లో చలివేంద్రం నడిపిన పేరయ్యకు కూతురు అయిన మంగాయి, మనుమరాలిని ఉయ్యాల ఎక్కించాలని ఆరు రూకలతో రాజుగారి వినోదవనానికి వచ్చింది.

వనాధికారి వీరబాహువు వాకిట్లోనే ఆపాడు. "అవ్వా, విడిగా పూటకు రెండు రూకలు. ఆరు రూకలిచ్చి ఈ బిళ్ల కొంటే, రోజంతా ఎన్నిసార్లయినా తినవచ్చు!"

మంగాయికి తల తిరిగింది. కొంటే ఉయ్యాలకు రూక మిగలదు, కొనకపోతే నష్టపోతుందేమో! వేళ్లు మడిచి ఎన్నిసార్లు లెక్కించినా తేలలేదు.

"లాభం నాకా, మీకా నాయనా?"

"నీకే! బిళ్లబిళ్లకూ రాజుగారికి నష్టమే!" అని అతడు అందరూ వినేలా గర్జించాడు.

"అయ్యో! ఏలినవారికి నష్టం తెస్తానా? తిన్న పూటకే ఇచ్చుకుంటాను బాబూ."

"మేమూ అంతే!" అన్నారు వెనుకనున్నవారు. కాదంటే తన మాట అబద్ధమవుతుందని వీరబాహువు పక్కకు తప్పుకుని దారి వదిలాడు.

మంగాయి మనుమరాలితో ఒకే విస్తరిలో తిని, మిగిలిన నాలుగు రూకలూ ఉయ్యాలకని ఆ పిల్ల చేతిలో పెట్టింది.