నూకాలు డప్పు ఆపని రోజు

అనగనగా నీ మడమంత ఊరు ఒకటుందట, అమ్మలూ. చర్మం కింద వెచ్చగా ఉండే ఊరు. దానికి కావలి నూకాలు. కంటికి కనపడని పురుగులు లోపలికొస్తే డప్పు కొట్టడం ఆవిడ పని. డప్పు వింటే పక్కనున్న నెత్తుటేరు గట్లు వదులై దారిచ్చేవి. ఏట్లో తిరిగే తెల్లదండు ఊళ్ళోకి దూకేది.

ఒకరోజు ముల్లు దిగింది, వెంట పురుగులు దిగాయి. నూకాలు డప్పు కొట్టింది. అప్పుడు గవరయ్య అనేవాడు ముందు నడవగా దండు వచ్చి వాటిని చంపింది. ఊరంతా "గవరయ్యా, గవరయ్యా" అని ఒకటే పొగడ్త. డప్పు కొట్టినావిడ మాట ఒక్కరూ ఎత్తలేదు. నూకాలుకి కడుపు మండిపోయింది. మండదూ మరి!

ఆ తర్వాత ఇంకో ముల్లు. "పిలవకుండా ఎలా వస్తాడో చూస్తా" అని మూతి తిప్పుకుని కూర్చుంది. దండు రాలేదు. పురుగులు పిల్లల్ని పెట్టి వీధులు నింపేశాయి. అప్పుడు హడలిపోయి కొట్టింది. దండు వచ్చి ఎలాగో గెలిచింది. మళ్ళీ మెప్పంతా గవరయ్యకే!

మూడోసారి ముల్లు దిగీదిగగానే కొట్టింది. పురుగులు చచ్చాయి. అయినా ఆపలేదు. "నా పేరెత్తేదాకా ఆపను" అంది. డప్పు మోగినంతసేపూ దండు వస్తూనే ఉంటుంది. పురుగులు లేకపోయేసరికి దండువాళ్ళు వాటి మీద చల్లాల్సిన నిప్పులు ఇళ్ళ మీదే చల్లారు. ఊరు వాచి, ఎర్రబడి, సలసలా కాగింది.

అప్పుడు గవరయ్య వచ్చి ఆవిడ గుమ్మంలో కూలబడ్డాడు. "నూకాలక్కా, పురుగులేవీ? ఎక్కడా కనపడవేం?"

"నీకేంరా, పొగడ్తలన్నీ నీవే" అంది కసిగా.

"నన్నెవరు పొగిడారక్కా? నేనివాళే వచ్చాను. మాకు ఒక్క పూటే బతుకు. ముందు నడిచేవాణ్ణి గవరయ్య అనడం మా దండు ఆచారం. నువ్వు చూసినవాళ్ళు ఎప్పుడో పోయారు" అని కళ్ళు మూశాడు.

నూకాలు చేతిలో పుల్లలు ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ తను కుళ్ళుకున్నది పోయినవాళ్ళ మీద. పోయినవాళ్ళని ఎత్తి సాగనంపడం కూడా కావలి పనే. వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని బావురుమంది. ఆ తర్వాత డప్పు మీద మెల్లగా, "చాలు, చాలు" అని కొట్టింది. దండు ఆగింది. ఏటి గట్లు మూసుకున్నాయి. వాపు దిగింది.

అప్పుడు ఊరంతా "నూకాలమ్మా, నూకాలమ్మా" అని పొగిడింది. ఆవిడకి వినే తీరికెక్కడ తల్లీ! ఇంకా చాలామందిని ఎత్తాలి.

కథేమో కంచికి,
వాపేమో ఏటికి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి!