గాజు ఇంట్లో గంటసేపు

విమలబోధ గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా కోపంగా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ సంగతి తెలిసి కూడా తారకేశ్వరం ఆ రోజు కోపంగానే అడిగాడు.

అడగక ఏం చేస్తాడు పాపం! పదకొండేళ్ళుగా ఆశ్రమం వ్యవహారమంతా అతని నెత్తినే ఉంది. వంటకు సరుకులు తేవడం దగ్గర్నుంచి గుమ్మం ముందు చెప్పులు వరసగా పెట్టించడం దాకా అన్నీ అతనే. ఆ రోజు పన్నెండు మంది శిష్యుల్ని వ్యానెక్కించి, కొండ మీది చలిప్రదేశపు మొక్కల తోట చూపించడానికి తెచ్చాడు. తెచ్చినందుకు వాళ్ళు అతని ప్రాణం తోడేశారు. మహలక్ష్మమ్మ గారు నీలిపూల గుత్తి తుంచబోతే తోటవాళ్ళు కేకలేశారు. "ఒక్కటేగా నాయనా, దేవుడికేగా!" అని ఆవిడ వాదన. ఇద్దరు ఎటో వెళ్ళి దారి తప్పారు. శాలువా మరిచానని ఒకాయన, కళ్ళజోడు మరిచానని అదే పెద్దమనిషి, అతన్ని రెండుసార్లు వ్యాను దాకా పరుగెత్తించాడు.

ఇక తారకేశ్వరం వల్ల కాలేదు. బెంచీ మీద ఎండలో చలి కాచుకుంటున్న గురువుగారి దగ్గరికి విసవిసా వెళ్ళాడు.

"గురువుగారూ, నాకు సెలవిప్పించండి. ఎక్కడో ఒక గదిలో ఒంటరిగా సాధన చేసుకుంటాను. వీళ్ళ మధ్య ఉంటే ఈ జన్మలో నాకు శాంతి దొరుకుతుందా?"

గురువుగారు ఎదురుగా ఉన్న గాజు ఇల్లు చూపించారు. "అందులో ఎవరూ లేరు. ఓ గంట ప్రశాంతంగా కూర్చుని రా. వీళ్ళని నేను చూసుకుంటాను. కూర్చోగలిగితే రేపే పంపించేస్తాను."

తారకేశ్వరానికి ప్రాణం లేచొచ్చింది. లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నాడు. లోపల వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంది. అరుగు మీద పద్మాసనం వేసి కళ్ళు మూసుకున్నాడు. ఐదు నిమిషాలు హాయిగా గడిచాయి. కళ్ళు తెరిచేసరికి ఎదురు బల్ల మీద బిగోనియా పూలమొక్కల కుండీలు కనబడ్డాయి. నలభై దాకా ఉంటాయి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. ఏ పనికిమాలినవాడు పెట్టాడో అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్నా ఆ వంకర టింకర వరసే కనబడుతోంది. చేసే పని శుభ్రంగా చేసి చావకూడదా అని ఒళ్ళు మండింది. పోనీ ఆ చివరి రెండూ సర్ది వచ్చి కూర్చుందామని లేచాడు. రెండు సర్దేసరికి మూడోది వంకరగా కనబడింది. అంతే, పంచె ఎగ్గట్టి నలభై కుండీలూ బారుగా నిలబెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే వచ్చిన తోటమాలి లచ్చన్న గుమ్మంలోనే నెత్తి బాదుకున్నాడు.

"ఓలమ్మో, ఏటి సేసినారు బాబూ! పైన అద్దాల అతుకుల్లోంచి సల్లటి సుక్కలు పడతాయి. మొక్క నడినెత్తిన పడితే కుళ్ళిపోద్ది. ఎక్కడ సుక్క పడదో నెల్లాళ్ళు సూసి అలగ పెట్టుకున్నాను. మీరు అన్నిట్నీ తెచ్చి ఆ అతుకు కిందే బారెట్టేసినారు!"

తారకేశ్వరం తలెత్తి చూశాడు. నిజమే, ఒక్కో చుక్కా జారి అతను కట్టిన వరస మీదే పడుతోంది. తప్పు తనదని తెలిశాక కోపం ఇంకా పెరిగింది. "ఆ ముక్క ఒక బోర్డు మీద రాసి ఏడవచ్చు కదయ్యా!" అని లచ్చన్న మీదే అరిచి బయటికి వచ్చేశాడు.

చేతుల నిండా మట్టి, అంత చలిలోనూ ఒళ్ళంతా చెమట. గురువుగారు తన ఉత్తరీయం అంచుతో అతని నుదురు తుడిచారు.

"శాంతిగా ఉందా లోపల?"

"ఎక్కడి శాంతి గురువుగారూ! ఆ కుండీలూ, ఆ తోటమాలీ కలిసి గంటసేపూ నన్ను చంపుకు తిన్నారు."

"తోటమాలి ఇప్పుడేగా లోపలికి వెళ్ళాడు" అన్నారు గురువుగారు. "నీకు గది చూడమంటే చూస్తాను, దానికేం. కానీ ఇంతసేపూ లోపల ఉన్నది నువ్వొక్కడివే కదయ్యా. ఎవరితో పడలేకపోయావు?"