ఇరవై రెండో మినహాయింపు

జోగినాథస్వామిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. నాగావళి ఒడ్డున ఉన్న ఆయన ఆశ్రమానికి కొత్తగా వచ్చినవాళ్ళు దీనికి చిన్నబుచ్చుకుంటారు. పాతవాళ్ళు ప్రశ్నలే తగ్గించుకుంటారు.

మృత్యుంజయరావు పాత శిష్యుడే. దేశపు ఆదాయపు పన్ను చట్టాన్ని సులువు చెయ్యడానికి వేసిన సంఘంలో సభ్యుడు. సోమవారానికి ముసాయిదా ఇచ్చెయ్యాలి. శనివారం సాయంత్రం ఆ కాగితాల కట్టను స్వామి ముందు పెట్టి దిగులుగా కూర్చున్నాడు.

“స్వామీ, ఇందులో మినహాయింపులే రెండువందల పదకొండు. తగ్గించమన్నారు. దేన్ని కొట్టేద్దామన్నా చెయ్యి రావడం లేదు. ఒక్కొక్కటీ ఎవరి కష్టమో చూసి దయతో పెట్టింది. దయను ఎలా కొట్టెయ్యను?”

స్వామి కట్ట విప్పలేదు. “రేపు పొద్దున్నే నీళ్ళకి వెళ్ళు,” అన్నారు.

ఆశ్రమంలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. తాగే నీళ్ళు ఏటి ఇసుకలో తవ్విన చెలమ నుంచి బిందెలతో మోసుకొచ్చి తొట్టి నింపుకోవాలి. ఎవరు మొయ్యాలో నిరుడు ఆరు పేజీల నిబంధన రాసిపెట్టింది మృత్యుంజయరావే. మనిషికి రెండు బిందెలు, ఆపైన ఇరవై ఆరు మినహాయింపులు. పారాయణ చేసేవాళ్ళకి, హార్మోనియం సాధన చేసేవాళ్ళకి, ఆశ్రమ పత్రిక ప్రూఫులు దిద్దేవాళ్ళకి, మౌనవ్రతం పట్టినవాళ్ళకి మోత లేదు. ఆ నిబంధన వచ్చాక ఆశ్రమంలో మౌనం బాగా పెరిగిందని చెప్పక తప్పదు. ఇరవై రెండోది మాత్రం అతను మనసు పెట్టి రాసినది: అరవై దాటినవాళ్ళు నీళ్ళు మొయ్యక్కర్లేదు. వంటశాలలో పనిచేసే పైడమ్మ గోడ పట్టుకుని భోజనశాల మెట్లెక్కడం చూసి రాశాడు.

ఆదివారం పొద్దున్న చెలమ దగ్గర ముగ్గురే ఉన్నారు. అందులో ఒకరు పైడమ్మ.

“నువ్వేమిటమ్మా ఇక్కడ? నీకు మినహాయింపు ఉంది కదా!”

“ఏటి బాబూ?”

అతను విడమరిచి చెప్పాడు. వయసు రుజువు, ఇద్దరు సాక్షుల సంతకాలు, మూడు ప్రతుల్లో దరఖాస్తు. ఎవరూ దొంగ వయసు చెప్పకుండా తనే పెట్టిన షరతులు.

“ఓ, ఆ కాయితమా? నాలుగు దినాలు తిరిగినాను బాబూ. ఒకలు పొటో ఏదన్నారు, ఒకలు పుట్టిన తేదీ అన్నారు. అది మా యమ్మకే తెల్దు. దానికంటె ఈ ఆరు బిందిలూ మోసుకోడమే నయం.”

“ఆరా? రెండే కదా!”

“మరి రానోలివి ఎవులు మొయ్యాల?” అంది పైడమ్మ. ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. నిజంగానే అడిగింది.

మృత్యుంజయరావుకి సిగ్గేసింది. తను ఎవరి కోసం రాశాడో ఆ మనిషి నెత్తి మీదే మిగతా పాతిక మినహాయింపులూ వచ్చి పడ్డాయి. ఆవిడ చేతిలో బిందె తీసుకుని, మిగిలిన నీళ్ళు తనే మోశాడు. తరవాత తొట్టి గోడకి అంటించిన ఆరు పేజీలూ పీకేసి, ఆ చోట బొగ్గుతో ఇలా రాశాడు: ‘భోజనశాల మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కేవాళ్ళు పూటకి తలా ఒక బిందె తేవాలి. ఎక్కలేనివాళ్ళు తేవద్దు. కాగితం అక్కర్లేదు.’

మెట్లెక్కకుండా అన్నం తినే దారి ఆ ఆశ్రమంలో లేదు. ఎవరు ఎలా ఎక్కేదీ అందరికీ తెలుసు. ఆ సాయంత్రం చెలమ దగ్గర నలభై ముగ్గురు వరస కట్టారు. మౌనంలో ఉన్న ఒకాయన నోరు తెరిచి గొణిగాడు గాని, బిందె మాత్రం తెచ్చాడు. భోజనాల గంట కొట్టకముందే తొట్టి పొర్లింది.

అలవాటు కొద్దీ బిందె పట్టుకుని వచ్చిన పైడమ్మ ఆ వరస చూసి ఆగిపోయింది.

“నాను కాయితం ఎక్కడెట్టాల బాబూ?”

“ఎక్కడా పెట్టక్కర్లేదు. కూర్చో అమ్మా.”

ఆవిడ తొట్టి గట్టు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. అది చూశాక మృత్యుంజయరావు గుండె తేలికపడింది. వడివడిగా స్వామి దగ్గరికి వెళ్ళాడు.

“స్వామీ, ముసాయిదా ఇక్కడే కూర్చుని దిద్దుతాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?”

స్వామి కట్ట అతని చేతిలో పెట్టారు.

“పైడమ్మ పక్కన కూర్చుని పైకి చదువు. ఆవిడ ‘ఏటి బాబూ’ అన్నచోటల్లా ఒక గీత పెట్టు.”