జోజప్ప సార్ మాట పోనీయని విమానం

మా అమ్మ మేనమామల ఇంట్లో తెలివి ఎంత ఉండేదంటే, వాడితే ఎక్కడ అరిగిపోతుందోనని ఎవరూ వాడేవాళ్ళు కాదు. "మాకు ఒక్క మాట చెప్తే చాలు, అది రాతి మీద గీత" అని వాళ్ళకు వాళ్ళే చెప్పుకొని మురిసిపోయేవాళ్ళు. అది నిజమే. ఒకసారి వాళ్ళమ్మ "వాన వస్తే దండెం మీద బట్టలు తియ్యండ్రా" అని చెప్పి తీర్థయాత్రకు పోయింది. మా సీమలో వాన సంగతి తెలిసిందే కదా. మూడు నెలలకు ఆమె తిరిగొచ్చేసరికి బట్టలు దండెం మీదే ఉన్నాయి, రంగులు మాత్రం లేవు.

పెద్దాయన ఓబులేసు, చిన్నాయన మద్దిలేటి, వాళ్ళ చెల్లెలు సుంకులమ్మ. ఆ ఏడు పత్తికి మందు చల్లే కంపెనీ ఒకటి మూతబడి, ఇద్దరు కూర్చునే పాత విమానం అమ్మకానికొచ్చింది. ఊళ్ళో ట్రాక్టరున్న వాళ్ళు చాలామందే, విమానమున్న వాళ్ళెవరు? అంతే, కొనేశారు.

నడపడం నేర్పడానికి రిటైరైన కెప్టెన్ జోజప్ప గారు వచ్చారు. పాపం, మంచాయన. పరీక్షలో చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళకే మార్కులు గనక అన్నదమ్ములిద్దరూ మొదటి తడవే ప్యాసయ్యారు. ఆయన చివరి పాఠం ఇది.

"విమానం నేల విడవగానే ఇంజన్ ఆగిపోతుందనే అనుకోండి. ప్రతిసారీ. అప్పుడు భయపడి వచ్చిన దిక్కుకు తిరిగారా, పోయినట్టే. ముక్కు దించండి, ఎదురుగా ఖాళీ చోటు చూసి దిగండి. పెట్రోలు కుళాయి కట్టెయ్యండి, తలుపు తెరిచి పెట్టండి, ఎన్ని ప్రాణాలున్నాయో రేడియోలో చెప్పండి. ఇంజన్ ఆగి ఉన్నంతసేపూ వెనక్కి తిరిగే మాటే లేదు."

"లేదు సార్" అన్నారిద్దరూ, చేతులు కట్టుకొని.

ఆ నెలలోనే నరసింహస్వామి గుడికి కొత్త కలశం ఎత్తుతున్నారు. ముహూర్తం ఉదయం పదీ నలభైకి. "మా అన్నలు ఆకాశం నుంచి కలశం మీద పూలు చల్లేదాకా మెతుకు ముట్టను" అని సుంకులమ్మ మొక్కుకుంది. మొక్కు ముందురోజు మొక్కుకోవచ్చు. ఆమె మూడు రోజుల ముందే మొక్కుకుంది. తులసి నీళ్ళతో మూడో రోజుకు మనిషి వడలిపోయి గుడి గోడకు ఆనుకొని కూర్చుంది.

పది గంటలకు అన్నలు రెండు గోనెసంచుల బంతిపూలు వేసుకొని గాల్లోకి లేచారు. ఇంజన్ చక్కగా గుర్రుమంటోంది. గుడి దాటారు, చుట్టు తిరిగి రావాలి. మద్దిలేటి ముఖం వాడిపోయింది.

"అన్నా, ఇంకా ఆగలేదేమి?"

"అదే చూస్తాండా. ప్రతిసారీ ఆగుతుందన్నాడే సారు."

"సారు మాట అబద్ధమైతే పాపం మనకే కదన్నా."

"మన చేతుల్లో అబద్ధం కానిస్తామా" అని ఓబులేసు తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపేశాడు. ఇంకేముంది, గాలి చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఇద్దరి మనసులూ కుదుటపడ్డాయి.

మద్దిలేటి రేడియో అందుకున్నాడు. "సార్, ఇంజన్ ఆగింది."

గుడి దగ్గర రేడియో పట్టుకొని నిలబడ్డ జోజప్ప గారు అడిగారు. "నాయనా, విమానంలో ఎన్ని ప్రాణాలు?"

"ఉండండి సార్, లెక్కపెట్టి చెప్తా. నేను, అన్న. పూల సంచిలో తేనెటీగలు... పదకొండు. ఒకటి కదలడం లేదు సార్, దాన్ని కలపమంటారా?"

సారు అప్పటికే జీపెక్కారు.

విమానం కిందికి జారుతోంది. ఎదురుగా శనగ కోసిన చేను, బల్లపరుపుగా ఉంది. "ఖాళీ కాదురా, మేకుంది" అన్నాడు ఓబులేసు. దాని తర్వాత జొన్న చేను. "అందులో మనిషి నిలబడుండాడు" అన్నాడు మద్దిలేటి. అది దిష్టిబొమ్మ. ఇంకో నిమిషం ఇట్లాగే పోతే చెరువే. ఆ స్వామి దయ, రోడ్డు పక్కన పెద్ద బీడు కనబడింది. మేక లేదు, మనిషి లేడు. దిగారు. దొర్లుకుంటూ పోయి బీడు చివర ఆరబోసిన ఎండుమిరప రాశిలో ఆగారు. నియమం ప్రకారం తలుపులు తెరిచే ఉన్నాయి కదా, ఆ ఘాటంతా లోపలికే వచ్చింది. తుమ్ముల్లోనే పెట్రోలు కుళాయి కట్టేశారు.

పూలు నలగలేదు. ముహూర్తానికి ఇంకా అరగంట. వాళ్ళ వీపు వెనక రెండు ఫర్లాంగుల దూరంలో గుడి, మేళం వినబడుతోంది. ఇద్దరూ చెరో సంచి భుజాన వేసుకొని ముందుకు నడవడం మొదలుపెట్టారు.

"గుడి వెనకాలుంది కదన్నా."

"ఉంటే? తిరగొద్దన్నాడు. భూమి గుండ్రంగా ఉందంట, నడుస్తాంటే అదే ఎదురొస్తుంది."

"పదీ నలభైకి వస్తుందా?"

"గట్టిగా నడువు."

జీపు వాళ్ళను దాటి అడ్డంగా ఆగింది. జోజప్ప గారితోపాటు సుంకులమ్మ దిగింది. కళ్ళు తిరిగి జీపు పట్టుకొని నిలబడింది. "అన్నా, నాకు ఆకలైతాంది. వెనక్కి రాండి."

"ఎట్లొస్తామమ్మా" అన్నాడు ఓబులేసు, కళ్ళనీళ్ళతో. ఆ నీళ్ళలో సగం మిరపవే.

"ఒరే, అది ఇంజన్ ఆగినప్పుడు గాల్లో పాటించే నియమంరా" అన్నారు జోజప్ప గారు.

"ఇంజన్ ఇంకా ఆగే ఉంది కద సార్."

ఆయన ఎవరితోనూ వాదించకుండా పోయి విమానంలో కూర్చున్నారు. కుళాయి తిప్పి ఇంజన్ స్టార్ట్ చేశారు. అది గుర్రుమనగానే అన్నదమ్ములు హాయిగా వెనక్కి తిరిగారు. సుంకులమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "మీరు జీపులో పొండి, దీన్ని నేను తీసుకుపోతాను" అన్నారు సారు. ఇక ఆ విమానం వీళ్ళ చేతికిస్తే ఒట్టు.

గురువు దగ్గర సెలవు తీసుకునేటప్పుడు కాళ్ళకు దండం పెట్టడం ఆ ఇంటి ఆచారం. మద్దిలేటి విమానంలోకి వంగి, సారు పాదాలు కళ్ళకద్దుకొని వచ్చాడు.

ముహూర్తానికి అందుకున్నారు. కలశం ఎత్తడానికి కట్టిన పరంజి ఎక్కి అన్నదమ్ములు పైనుంచి సంచులు కుమ్మరించారు. పూలు కలశం మీదే పడ్డాయి. కాళ్ళు నేల మీద లేవు గనక అది ఆకాశమే లెక్క, మొక్కు తీరింది. ఊరంతా హారతికి లోపలికి పోతే, సుంకులమ్మను మాత్రం పందిట్లో విస్తరి ముందు కూర్చోబెట్టారు. ఆమెకు ఎదురుగా అన్నం గంగాళాలు, పులుసు, బొబ్బట్లు. హారతి పని కొడుక్కి అప్పజెప్పి, పూజారి గారు స్వయంగా వడ్డించడానికి గరిటె పట్టుకున్నారు.

అప్పుడే విమానం గుడి మీదికి వచ్చింది. పరంజి మీది నుంచి చూస్తున్న ఓబులేసు దిగులుపడ్డాడు. "సారుది ఆగలేదేందిరా?"

"పైపులో మిగిలిన పెట్రోలు అయిపోతే ఆగుతాదిలే అన్నా. దండం పెట్టేటప్పుడు కాళ్ళ పక్కనున్న కుళాయి కట్టేసొచ్చినా. ఆయన మాట ఆయనకే తప్పితే బాగుండదు కదా."

అంతే, గుర్రుమనేది దగ్గి, దగ్గి, ఆగిపోయింది.

జోజప్ప గారు నిజమైన పైలట్. వెనక్కి తిరగలేదు. ముక్కు దించారు, ఎదురుగా ఉన్న ఒకే ఒక్క ఖాళీ చోటు చూసుకున్నారు. అది అన్నదానం పందిరి ముందరి మైదానం. విమానం దిగి, దొర్లి, పందిరిలోకి వచ్చి, అన్నం మీదుగా, పులుసు మీదుగా, బొబ్బట్ల మీదుగా సాగి, సుంకులమ్మ విస్తరికి రెండు బారల దూరంలో ఆగింది. ఎవరికీ చీమ కుట్టినంత దెబ్బ తగల్లేదు. సారు నెత్తి మీద మాత్రం పులుసులోని ములక్కాడ ఒకటి.

అన్నదమ్ములు పరుగున వచ్చి చేతులు జోడించారు. "చూసినారా సార్, మీ మాట పోనీయలేదు."

పూజారి గారు గరిటె కింద పెట్టి, సుంకులమ్మ వైపు జాలిగా చూశారు. "పోనీలే తల్లీ, నీ వెనకాల పెరుగన్నం గంగాళం అట్లే ఉంది. ఇటు తిరుగు, వడ్డిస్తా."

మూడు రోజుల ఆకలితో సుంకులమ్మ ఎదురుగా ఉన్న విమానాన్నే చూస్తూ, ఓపికగా అంది.

"ఇంజన్ ఆగి ఉంది కద సామీ. ఎట్లా తిరిగేది?"